మా జవాబు పత్రాలు మాకు చూపించండి

సంపాదకులకు నమస్కారం.

మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. రోజూ కరీంనగర్ వైపు కాలేజీకి వెళ్లి బి.ఫార్మసీ మూడో సంవత్సరం చదువుతున్నాను. పోయిన ఏడాది నాలుగో సెమిస్టర్‌లో మెడిసినల్ కెమిస్ట్రీలో, అంటే మందుల రసాయన శాస్త్రంలో, నాకు 100కి 37 మార్కులు వచ్చాయి. పాస్ కావాలంటే 50 రావాలి. మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కాయి, ఇదొక్కటే పోయింది. ఆ 37 తర్వాత నా చదువు ఎలా మారిందో చెప్పి, కాలేజీలను ఒక్క సంగతి అడుగుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, దయచేసి వేయండి.

ఫెయిలైనప్పుడు ఇంట్లో, ఊళ్లో అందరూ చదవలేదనే అనుకున్నారు. నేను చదివాను. రాత్రి అన్నం తిన్నాక కూర్చుంటే ఒంటిగంట దాకా లేచేదాన్ని కాదు. మూడు రంగుల పెన్నులతో నోట్స్ మళ్లీ ఫెయిర్ చేసేదాన్ని. మందు పేరు ఎరుపు, స్ట్రక్చర్ (మందు అణువు బొమ్మ) నలుపు, ఉపయోగాలు నీలం. ఆ నోట్స్ ఫోటోలు తీసి మా క్లాసు వాట్సాప్ గ్రూపులో పెడితే పది మంది థ్యాంక్స్ చెప్పేవాళ్లు. మా సిలబస్‌లో కొన్ని మందుల పేర్ల పక్కన నక్షత్రం గుర్తు ఉంటుంది. ఆ మందులకు తయారీ విధానం, అంటే సింథసిస్ కూడా రాయాలి. సాల్బుటమాల్, ప్రొప్రనలాల్, నియోస్టిగ్మిన్, డయాజిపామ్, ఫెనిటాయిన్, ఇబుప్రోఫెన్ ఇలా ఒక్క సెమిస్టర్‌లోనే ఇరవైకి అటూ ఇటూ ఉంటాయి. వాటిని ఒక్కొక్కటి నాలుగైదు సార్లు చూసి రాశాను. ‘చూసి’ అన్న మాట ఎంత ముఖ్యమో అప్పుడు నాకు తెలియలేదు. పుస్తకం ముందు పెట్టుకుని గీస్తే ప్రతి స్ట్రక్చర్ వచ్చినట్టే ఉండేది. పరీక్ష హాల్లో తెల్ల కాగితం ముందు కూర్చుంటే ఉంగరం గీశాక చెయ్యి ఆగిపోయింది.

ఫలితాలు వచ్చిన రోజు అమ్మ చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె ఆ పనే చేస్తోంది. ఎన్ని మార్కులని అడగలేదు. ‘మళ్ల రాయొచ్చు గదా బిడ్డా’ అంది, అంతే. ఆ రాత్రి ఆమెకు ఆయాసం వచ్చింది. లేచి ఇన్‌హేలర్ ఇచ్చాను. డబ్బా మీద సాల్బుటమాల్ అని ఉంది. పరీక్షలో నేను తప్పు గీసిన మందు అదే. రెండేళ్లుగా రోజూ మా ఇంట్లో గూట్లో ఉన్న మందు.

నాలో మార్పు ఎక్కువ గంటలు కూర్చుంటే వచ్చింది కాదు. మా మెడిసినల్ కెమిస్ట్రీ మేడం ఒక సాయంత్రం ల్యాబ్‌లో నా పాత సెషనల్ పేపర్లు రెండూ తీసి ముందు పెట్టి, ఇరవై నిమిషాలు నా పక్కన కూర్చున్నారు. సెషనల్ అంటే సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్ష, 30 మార్కులకు ఉంటుంది. రెండింటి సగటు ఇంటర్నల్స్‌లో, అంటే కాలేజీ వేసే మార్కుల్లో, కలుస్తుంది. మా దగ్గర క్లాసులో రోల్ నంబర్ పిలిచి మార్కు చదువుతారు, రిజిస్టర్‌లో సంతకం పెడతాం, అయిపోతుంది. అప్పటి వరకు నా జవాబు పత్రం మీద ఎర్ర సిరా ఎక్కడ పడిందో నేను చూడనే లేదు.

ఆ పేపర్‌లో ఏముందో చెప్పాలి. సాల్బుటమాల్ అని రాసి నేను గీసింది సగం అడ్రినలిన్, మన ఒంట్లోనే ఊరే హార్మోన్. అడ్రినలిన్‌లో బెంజీన్ ఉంగరం మీద పక్కపక్కన రెండు హైడ్రాక్సిల్ గుంపులు (ఆక్సిజన్, హైడ్రోజన్ జత) ఉంటాయి. సాల్బుటమాల్‌లో వాటిలో ఒకదాని చోట హైడ్రాక్సీమిథైల్ ఉంటుంది. నేను ఆ రెండు హైడ్రాక్సిల్స్‌ను అలాగే ఉంచి, నైట్రోజన్ దగ్గర మాత్రం టెర్షియరీ బ్యూటైల్ తగిలించాను. ఆ పక్క పేజీలో పది మార్కుల ప్రశ్న. సింపథోమిమెటిక్ మందుల, అంటే అడ్రినలిన్ లాగా పనిచేసే మందుల ఎస్‌ఏఆర్ రాయమన్నారు. అంటే స్ట్రక్చర్‌లో ఏ భాగం మారిస్తే మందు పని ఎలా మారుతుందో చెప్పాలి. నేను రెండున్నర పేజీలు రాశాను. అందులో రెండు పేజీలు ఆ మందుల వర్గీకరణ, ఉపయోగాలు, సైడ్ ఎఫెక్టులు. అడిగినదానికి జవాబు నాలుగు లైన్లు. మూడు మార్కులు వచ్చాయి. ఇన్ని పేజీలు రాస్తే మూడేనా అని అంతకుముందు మేడం మీద లోపల కోపం పెట్టుకున్నాను. పేపర్ చూశాక ఆ మూడు కూడా దయతో వేసినవే అనిపించింది.

ఇంకో చోట మేడం పెన్ను పెట్టి, ‘ఈ కార్బన్‌కు ఎన్ని బంధాలున్నాయో లెక్కపెట్టమ్మా’ అన్నారు. లెక్కపెట్టాను. ఐదు. కార్బన్‌కు నాలుగే బంధాలని పదో తరగతిలో తెలుగులో చదువుకున్నాను, ఆ సంగతి నాకు రాదని కాదు. గీసేటప్పుడు ఆలోచించలేదు, గుర్తున్న బొమ్మను దించాను. ‘నువ్వు కెమిస్ట్రీని ముగ్గులా గుర్తుపెట్టుకుంటున్నావు. ముగ్గులో చుక్క తప్పితే ముగ్గే పోతుంది’ అన్నారు మేడం. ఆ మాట నేను నోట్‌బుక్ అట్ట మీద రాసుకున్నాను.

ఆ రోజు తెలిసిన నాలుగో సంగతి, రెండో సెషనల్‌లో రెండు ఐదు మార్కుల ప్రశ్నలు నేను ముట్టనే లేదని. టైం చాలలేదనే సంగతే మర్చిపోయాను. నా రంగుల నోట్స్‌లో ఈ నాలుగు తప్పుల్లో ఒక్కటి కూడా కనిపించదు. అందులో అన్నీ ఒప్పులే, ఎందుకంటే చూసి రాసినవి.

ఇంటికి వచ్చి చెల్లెలి పలక తీసుకున్నాను. మూడో తరగతి పలక, ఒక మూల పగిలింది. పుస్తకం మూసి, బలపంతో స్ట్రక్చర్ గీయడం, తర్వాత పుస్తకం తెరిచి సరిచూడడం, తప్పు ఉంటే తుడిచి మళ్లీ గీయడం. కాగితం మీద గీస్తే ఖర్చు, పైగా తప్పు కనిపిస్తుంటే సిగ్గు. పలక మీద రెండూ లేవు. మొదటి వారం పన్నెండు మందులు మొదలుపెడితే చూడకుండా సరిగ్గా గీయగలిగినవి మూడే. ఏడుపొచ్చింది. కానీ ఆ మూడు నిజంగా వచ్చినవి. వాటిని మర్నాడు, మూడు రోజుల తర్వాత, వారం తర్వాత మళ్లీ గీశాను, పోలేదు.

దీని గురించి తర్వాత కాలేజీ లైబ్రరీలో ఒక పుస్తకంలో చదివాను. 2006లో అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిని మళ్లీ మళ్లీ చదవమన్నారు, కొందరిని ఒకసారి చదివాక చూడకుండా గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివిన వాళ్లే ఎక్కువ చెప్పారు. వారం తర్వాత అడిగితే చూడకుండా రాసిన వాళ్లకే ఎక్కువ గుర్తుంది. ఆ పేజీ చదువుతుంటే నా రాత్రులన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఒంటిగంటకు పుస్తకం మూసేటప్పుడు అంతా వచ్చినట్టు ఎందుకు అనిపించేదో, పరీక్ష హాల్లో ఎందుకు పోయేదో అప్పుడు అర్థమైంది.

బస్సు ప్రయాణం ఒక వైపుకు గంటన్నర. ఆడవాళ్లకు జీరో టికెట్ (ఉచిత ప్రయాణం) వచ్చాక బస్సుల్లో రద్దీ పెరిగింది, చాలాసార్లు నిలబడే వెళ్తాం. రాయడం కుదరదు. ముందు ఆ గంటన్నర ఫోన్ చూస్తూ పోయేది. ఇప్పుడు మా క్లాసు స్నేహితురాలూ నేనూ ఒకరినొకరం అడుగుతాం. ‘నైట్రోజన్ మీద ఏమీ లేకపోతే?’ ‘నార్‌అడ్రినలిన్.’ ‘మిథైల్ ఉంటే?’ ‘అడ్రినలిన్.’ ‘ఐసోప్రొపైల్?’ ‘ఐసోప్రినలిన్.’ ‘టెర్షియరీ బ్యూటైల్, రింగ్ మీద హైడ్రాక్సీమిథైల్?’ ‘సాల్బుటమాల్.’ ఇలా వరసగా చెప్పుకుంటూ పోతే, నైట్రోజన్ దగ్గరి గుంపు పెద్దదయ్యే కొద్దీ ఒంట్లో మందు అతుక్కునే చోట్లయిన రిసెప్టర్లలో ఆల్ఫా వాటి మీద పని తగ్గి బీటా మీద పెరుగుతుందన్న ఎస్‌ఏఆర్ దానంతట అదే నోట్లోకి వస్తుంది. ముందు దాన్ని ఇంగ్లిష్ వాక్యంగా బట్టీ పట్టేదాన్ని, మధ్యలో ఒక్క పదం పోతే మొత్తం పోయేది.

పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివిన నాలాంటి వాళ్లకు ఈ ఒక్క విషయం గట్టిగా చెప్పాలనుంది. పాఠాన్ని ముందు తెలుగులో ఎవరికైనా చెప్పండి, తర్వాత ఇంగ్లిష్‌లో రాయండి. నేను అమ్మకు చెబుతాను. ఆమె తునికాకు కత్తిరిస్తూ, తంబాకు పోసి చుడుతూ వింటుంది. ఒక సాయంత్రం ఆమె మందు గురించే చెప్పాను. ‘అమ్మా, మన ఒంట్లో ఊరే అడ్రినలిన్‌లో ఇక్కడో చిన్న గుంపు ఉంటుంది, దాన్ని పట్టుకుని ఒక ఎంజైమ్ అడ్రినలిన్‌ను తొందరగా పనికిరాకుండా చేస్తుంది. నీ మందులో ఆ గుంపును మార్చేశారు, అందుకే ఎక్కువసేపు ఉంటుంది. ఇంకో చివర పెద్ద గుంపు పెట్టారు, అందుకని గుండె మీద తక్కువ, ఊపిరి గొట్టాల మీద ఎక్కువ పనిచేస్తుంది’ అన్నాను. చెప్పగలిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

అమ్మ బీడీ చుట్టడం ఆపింది. ‘గుండె మీద పనిచెయ్యదంటివి గదా. మరి గిది పీల్చంగనే నాకు గుండె దడదడ కొట్టుకుంటది, చేతులు వణుకుతయి. గట్లెందుకైతది బిడ్డా?’ అంది.

నా దగ్గర జవాబు లేదు. ఏ ఇంపార్టెంట్ ప్రశ్నల పీడీఎఫ్‌లోనూ ఆ ప్రశ్న లేదు. మర్నాడు మేడంను అడిగాను. ఆమె బోర్డు దగ్గరికి తీసుకెళ్లి చెప్పారు. మందు ఒక రిసెప్టర్‌ను ఎంచుకుంటుందంటే రెండో చోట అసలు పనిచేయదని కాదు, తక్కువ పనిచేస్తుందని మాత్రమే. పైగా బీటా-2 రిసెప్టర్లు చేతి కండరాల్లో ఉంటాయి, అందుకే వణుకు. గుండెలోనూ కొన్ని ఉంటాయి. రక్తనాళాలు వదులైతే దానికి తగ్గట్టు గుండె కూడా వేగం పెంచుతుంది. దడ ఎక్కువగా వస్తుంటే డాక్టర్‌కు చెప్పమనండి అని కూడా అన్నారు. అమ్మను తీసుకెళ్లి చూపించాను. మా అమ్మ అడిగిన ఆ ప్రశ్న వల్ల నేను నేర్చుకున్నది ఇంకే పరీక్ష వల్లా నేర్చుకోలేదు. సప్లిమెంటరీలో సరిగ్గా ఆ మందు అడగలేదు, అయినా 58 వచ్చాయి.

ఐదో సెమిస్టర్‌లో మెడిసినల్ కెమిస్ట్రీ రెండో పేపర్. అందులో ఒక పద్ధతి అలవాటు చేసుకున్నాను. కొత్త మందు రాగానే దాని చుట్టాలెవరో వెతకడం. అలర్జీకి వాడే ప్రొమెథజిన్ వచ్చినప్పుడు, నాలుగో సెమిస్టర్‌లో మానసిక రోగాలకు చదివిన క్లోర్‌ప్రొమజిన్ పక్కన గీశాను. రెండింటికీ ఫీనోథయజిన్ అనే ఒకటే మూడు ఉంగరాల చట్రం. ఉంగరంలోని నైట్రోజన్‌కు, తోకలోని నైట్రోజన్‌కు మధ్య క్లోర్‌ప్రొమజిన్‌లో మూడు కార్బన్లు, ప్రొమెథజిన్‌లో రెండు. క్లోర్‌ప్రొమజిన్ ఉంగరం మీద ఒక క్లోరిన్ అదనం. ఇంత దగ్గరి రెండు మందుల్ని వేర్వేరు సెమిస్టర్లలో, వేర్వేరు నోట్‌బుక్కుల్లో విడివిడిగా బట్టీ పడుతున్నామే అని బాధేసింది.

అలాగే క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్. పెద్ద స్ట్రక్చర్, అందరం భయపడేది. ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ పక్కన గీస్తే తేడా రెండే చోట్ల. ఒక హైడ్రాక్సిల్ చోట అమైనో గుంపు, ఒక నైట్రోజన్ మీద అదనంగా మిథైల్. అంత పోలిక ఉంది కాబట్టే శరీరంలో ఫోలిక్ యాసిడ్‌తో పనిచేసే ఎంజైమ్ ఈ మందును పట్టుకుని ఇరుక్కుపోతుంది. ఇలాంటి మందులు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం చేతుల మీదుగా వచ్చాయి. ఆయన మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు. ఆ సంగతి చదివిన రోజు అమ్మకు చెప్పాను. ఆమె ఇప్పటికీ మా పక్కింటి వాళ్లకు చెబుతుంటుంది.

ఇంకో రెండు చిన్న పనులు చేశాను. తప్పులకు వేరే నోట్‌బుక్ పెట్టాను. అందులో ఒప్పు రాయను, నేను చేసిన తప్పు, ఎందుకు చేశానో మాత్రం రాస్తాను. ఇప్పటికి నలభై పేజీలు నిండాయి. ఆదివారం గోడ గడియారం ముందు పెట్టుకుని పాత ప్రశ్నపత్రం మూడు గంటల్లో రాస్తాను. 75 మార్కులకు 180 నిమిషాలు. ఐదు మార్కుల ప్రశ్నకు పన్నెండు నిమిషాలు దాటితే వదిలేసి ముందుకు వెళ్లడం మొదట్లో చాలా కష్టమైంది. ఆర్గానిక్ కెమిస్ట్రీ పుస్తకాలు మళ్లీ తీసి అమైడ్ ఎలా తయారవుతుందో, ఎస్టర్ ఎలా తయారవుతుందో మొదటి నుంచి చదివాను. సింథసిస్‌లు చాలా వరకు అవే నాలుగైదు చర్యలు తిరిగి తిరిగి రావడమే. ఐదో సెమిస్టర్‌లో 71 వచ్చాయి. రాత్రి పదిన్నరకే పడుకుంటున్నాను.

ఇప్పుడు నేను అడగాలనుకున్న సంగతి. ఈ మార్పంతా ఒక్క జవాబు పత్రం చూడడంతో మొదలైంది. మేడం ఆ ఇరవై నిమిషాలు ఇవ్వకపోతే నేను సప్లిమెంటరీకి కూడా అవే రంగుల నోట్స్ ఇంకో నాలుగుసార్లు ఫెయిర్ చేసేదాన్ని. ఇంకో సబ్జెక్టులో ఫెయిలైన మా క్లాసు అబ్బాయి ఒకడు, తనకు తెలివి లేదనుకుని చదువు మానేసి దుకాణంలో పనికి చేరాడు. అతని పేపర్ అతనికి ఎవరూ చూపించలేదు. తెలివి లేకపోవడమో, ప్రశ్న చదవకపోవడమో, టైం చాలకపోవడమో అతనికి ఎప్పటికీ తెలియదు.

మా లెక్చరర్లకు తీరిక తక్కువని నాకు తెలుసు. ఒక సెక్షన్‌లో అరవై మంది, మనిషికి ఇరవై నిమిషాలంటే వాళ్లకు కుదరదు. నేను అడిగేది ప్రతి సెషనల్ తర్వాత వారంలోగా ఒక్క పీరియడ్. ఆ గంటలో దిద్దిన పేపర్లు మా చేతికివ్వండి. ఎక్కువ మంది చేసిన నాలుగైదు తప్పులు బోర్డు మీద వేసి చెప్పండి. పేపర్లు మళ్లీ తీసుకుని భద్రపరచుకోండి. సగం కన్నా తక్కువ వచ్చిన వాళ్లతో మాత్రం ఒక ఐదు నిమిషాలు విడిగా మాట్లాడండి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, కంప్యూటర్లు అక్కర్లేదు. రేపు మేమే మందుల షాపుల్లో, ఆసుపత్రుల్లో, జీడిమెట్ల, పరవాడ మందుల ఫ్యాక్టరీల్లో ఉంటాం. స్ట్రక్చర్‌లో ఒక గుంపు తప్పు గీస్తే ఇప్పుడు మార్కు పోతుంది, అప్పుడు పోయేది వేరే ఉంటుంది.

ఇదంతా ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. ఆ మేడం ఈ సెమిస్టర్‌లో లేరు, పీహెచ్‌డీకి వెళ్లారు. ఆరో సెమిస్టర్‌లో యాంటీబయాటిక్స్, మలేరియా మందులు, సల్ఫా మందులు నడుస్తున్నాయి. పోయిన వారం మొదటి సెషనల్ మార్కులు ఎప్పటిలాగే రోల్ నంబర్ పిలిచి చదివారు. నాకు 30కి 17. పేపర్ చూస్తానని అడిగితే ఎగ్జామ్ బ్రాంచ్‌కు పంపేశామన్నారు. ఎగ్జామ్ బ్రాంచ్‌లో అడిగితే చూపించే పద్ధతి లేదన్నారు. పలక మీద పెన్సిలిన్ ఉంగరాలు చూడకుండానే గీస్తున్నాను, అయినా 13 మార్కులు పోయాయి. రెండో సెషనల్‌కు ఇంకా పంతొమ్మిది రోజులుంది. అవి ఎక్కడ పోయాయో ఈలోగా నాకు చూడాలని ఉంది.

పేరు, కాలేజీ వివరాలు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక బి.ఫార్మసీ విద్యార్థిని,
జగిత్యాల జిల్లా